రబ్బరక్క చెరిపిన పేరు

మా పత్రికను చదివేవాళ్ళు చాలా తక్కువ. ఒక సముద్రాన్ని చుట్టుకుని ఉన్న దేశాలలో, వ్యాపార సంస్థలు కోర్టు మెట్లెక్కకుండా మధ్యవర్తుల ముందు తేల్చుకునే అంతర్జాతీయ తగాదాల గురించి మూడు నెలలకొకసారి వెలువడే న్యాయ పత్రిక అది. లాయర్లూ, మధ్యవర్తులూ, లా కాలేజీల గ్రంథాలయాలూ తప్ప దాన్ని కొని చదివే సాహసం ఇంకెవరూ చెయ్యరు. మధ్యవర్తుల విచారణ తలుపులు మూసిన గదిలో జరుగుతుంది. తీర్పు కూడా ఆ గది గడప దాటదు. ఇరుపక్షాలనూ బతిమాలి ఆ తీర్పులను తెప్పించుకుని, అవి ఎవరివో ఎవరికీ తెలియకుండా చేసి, వాటిలోని న్యాయసూత్రాన్ని మాత్రం లోకానికి అందించడం మా పత్రిక పట్టిన వ్రతం. ఎవరివో తెలియకుండా చేసే మనిషి రబ్బరక్క.

ఆవిడ టైపిస్టుగా చేరిన రోజుల్లో తీర్పుల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టేదట, నచ్చకపోతే చెరిపి మళ్ళీ పెట్టేదట. బల్ల నిండా ఎప్పుడూ రబ్బరు పొట్టేనట. కంప్యూటర్లు వచ్చి పెన్సిళ్ళు మూలపడ్డాయి గానీ పేరు మాత్రం అంటుకుపోయింది. కళ్ళజోళ్ళ దుకాణం పైన మా ఆఫీసుకున్న రెండు గదుల్లోకి నేను సహాయ సంపాదకురాలిగా అడుగుపెట్టిన రోజున, పిలుపుకూ పేరుకూ తేడా తెలియక, "రబ్బరక్క గారంటే మీరేనా?" అని అడిగేశాను.

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి నన్ను ఎగాదిగా చూసింది. "చివర్న గారు తగిలించావు కాబట్టి బతికిపోయావు. కూర్చో లాయరమ్మా. సంతకం పెట్టావా?"

ఆ సంతకం మా ఆఫీసులో ఉద్యోగం కన్నా ముందు వస్తుంది. ఈ బల్ల మీద చదివింది ఈ బల్ల దగ్గరే మరిచిపోతాననీ, కట్టుకున్నవాళ్ళకైనా కన్నవాళ్ళకైనా చెప్పననీ రాసి ఉన్న కాగితం మీద పెట్టే సంతకం. అప్పుడే చదువు ముగించి, ప్రపంచంలోని అన్యాయమంతా నా కోసమే ఎదురుచూస్తోందని నమ్ముతున్న రోజులవి. రహస్యాన్ని కాపాడతానని ప్రమాణం చేసి న్యాయసేవ మొదలుపెట్టడం నాకు మింగుడుపడలేదు. ఆ మాటే ఆవిడతో అన్నాను.

"మింగకు. పుక్కిట పట్టుకో," అంది రబ్బరక్క. "నేను ఇన్నేళ్ళుగా అలాగే పట్టుకుని తిరుగుతున్నాను."

ఆవిడ పనిని నేను మొదట్లో గుమాస్తా పని అనుకున్నాను: కంపెనీ పేరు తీసి "వాది" అని పెట్టడం, రెండో కంపెనీ పేరు తీసి "ప్రతివాది" అని పెట్టడం. "పేరు తీసెయ్యడం చిన్నపిల్లలైనా చేస్తారు. వాసన తియ్యాలి," అనేది ఆవిడ. ఏ నెలలో వానలు పడ్డాయో చెబితే దేశం తెలిసిపోతుంది. ఏ కరెన్సీలో చెల్లించారో చెబితే రాజధాని తెలిసిపోతుంది. సాక్షి అన్న మాటను అన్నట్టే అచ్చువేస్తే అతని భాష బయటపడుతుంది, భాషతో ఊరు బయటపడుతుంది. అందుకని ఓడ "ఆస్తి" అయ్యేది, సిమెంటు "సరుకు" అయ్యేది, తుఫాను "ప్రతికూల వాతావరణం" అయ్యేది. మధ్యవర్తులు ఏ దేశంలో కూర్చున్నారన్నది మాత్రం ఉంచేది, ఎందుకంటే న్యాయం దాని మీద ఆధారపడుతుంది. పైగా తగాదా ఒక దేశంలో పుడితే, విచారణ ఎవరికీ చుట్టం కాని మరో దేశంలో జరగడం ఈ వృత్తిలో ఆనవాయితీ. ఒకసారి చేపల తగాదాలో వచ్చిన తీర్పును ఆవిడ ఎంత శుభ్రంగా తుడిచిందంటే, ఆ తీర్పు రాసిన మధ్యవర్తే దాన్ని మా పత్రికలో చదివి, "చాలా ఉపయోగకరమైన కేసు, దీని గురించి నాకు ఇంతవరకూ తెలియదు" అని మాకు మెచ్చుకోలు పంపాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా రబ్బరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

అచ్చుకు వెళ్ళే ముందు ఒక పరీక్ష ఉండేది. అసలు తీర్పును చూడనివాళ్ళు ఎవరైనా, తుడిచిన ప్రతిని చదివి, ఇది ఎవరి తగాదానో పట్టుకోవడానికి ప్రయత్నించాలి. దొరికితే ప్రతి మళ్ళీ ఆవిడ బల్ల మీదికి వెళుతుంది. ఆ పని నాకు అప్పగించారు. నేను పాత వార్తలన్నీ గాలించేదాన్ని, ఓడల రాకపోకలు వెతికేదాన్ని, పంతం పట్టి కూర్చునేదాన్ని. ఆవిడ నా భుజం మీదుగా తొంగిచూసి, "దొరికిందా?" అనేది. దొరకలేదంటే చిన్నపిల్లలా బల్ల చరిచేది. దొరికిందంటే ముఖం మాడ్చుకుని, "ఈ రోజు టీ నువ్వే పొయ్యాలి నాకు, ఏడిపించినందుకు," అనేది.

ఆ టీల చనువుతోనే ఆవిడ ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగితే "తీరిక దొరకలేదు" అనేది. అది అబద్ధమేమీ కాదు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి పెంచింది. వాడు పోర్టులో క్రేన్ నడిపే స్థాయికి ఎదిగి, పెళ్ళి చేసుకుని, ఒక కూతురు పుట్టి, మరదలు జబ్బు చేసి పోయాక, ఆ పిల్లనూ పెంచింది. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా, కొత్త రేవు కడుతున్నచోట క్రేన్ కూలి తమ్ముడూ పోయాడు.

ఇది నాకు చెప్పింది రబ్బరక్క కాదు, మేనకోడలే. ఇంట్లో ఆ అమ్మాయిని అమ్మడు అంటారు. యంత్రాలు నడిపేవాళ్ళకు భద్రతా పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రంలో ఉద్యోగం. నా ఈడుదే గానీ, మాట తూచినట్టు ఉండేది. ఒకనాటి సాయంత్రం నేను వాళ్ళ వరండాలో కూర్చుని, అందరూ అడిగే ప్రశ్నే అడిగాను: ఈ ఉద్యోగంలోకి ఎందుకు వచ్చావని.

"మా నాన్నలాంటివాళ్ళ నుంచి మనుషుల్ని కాపాడదామని," అంది.

నేను చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాను.

"గాలి ఎక్కువగా ఉంది. చూసుకోకుండా బరువెత్తారు. క్రేన్ విరిగి కింద తాళ్ళు కట్టేవాళ్ళిద్దరి మీద పడింది. కంపెనీవాళ్ళు విచారణ చేసి, నడిపినవాడి నిర్లక్ష్యమని తేల్చారు. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం అదే. మా నాన్న అని చెప్పను, ఒక ఆపరేటర్ అంటాను."

లోపలి నుంచి రబ్బరక్క గొంతు వినిపించింది. "వాడు అలా చేసుండడే. గాల్లో గాలిపటం ఎగరేసుకోడానికి కూడా పది సార్లు ఆలోచించే రకం వాడు."

"అదిగో, మొదలుపెట్టింది. నువ్వు అక్కవి అత్తా, అలాగే అంటావు. కట్టెలు మోసే గాడిదకైనా వాళ్ళ అక్క దృష్టిలో రెక్కలుంటాయి."

"గాడిద అనకు వాణ్ణి."

"నిన్ను అనలేదులే, ఊరుకో," అని అమ్మడు నవ్వింది. ఆ నవ్వు మామూలుదే. కానీ వెళ్ళేటప్పుడు నన్ను సాగనంపుతూ, వీధి మొదటికి వచ్చేసరికి ఆమె గబుక్కున పక్కసందులోకి తిప్పింది. మొదటి ఇంట్లో ఆ రోజు పోయిన ఇద్దరిలో ఒకరి భార్య ఉంటుందట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గుమ్మం ముందు నుంచి తల ఎత్తుకుని నడవలేదట. "ఆవిడ నన్నేమీ అనదు. అదే కష్టం," అంది. వాళ్ళింటి గోడ మీద తండ్రి ఫోటో లేదు. తీసేసింది రబ్బరక్క కాదు.

ఇక ఆ తీర్పు సంగతి. మా బల్ల మీదికి వచ్చిన వందల తీర్పులలాగే వచ్చింది, ఆవిడ తుడిచింది, నా చేతికి పరీక్షకు ఇచ్చింది. నిర్మాణ స్థలంలో ఒక భారీ యంత్రం కూలింది. కట్టించే సంస్థకూ, యంత్రాన్ని సరఫరా చేసిన విదేశీ సంస్థకూ మధ్య, ఆ నష్టం ఎవరు భరించాలన్న తగాదా. మధ్యవర్తులు ఒక ద్వీప దేశంలో కూర్చుని విచారించారు. తప్పు సరఫరాదారుది కాదనీ, యంత్రం నడిపిన వ్యక్తిదీ కాదనీ, స్థలాన్ని పర్యవేక్షిస్తున్న వాదిది, అంటే కట్టించే సంస్థదేననీ తేల్చారు. నేను మూడు రోజులు కుస్తీ పట్టాను. అటువంటి ప్రమాదాలు ఆ తీరమంతటా ఎన్నో జరిగాయి. ఏదీ దీనికి అతకలేదు.

"దొరికిందా?" అంది రబ్బరక్క. నా భుజం మీదుగా తొంగిచూడలేదు. ఎదురుగా నిలబడి అడిగింది.

"దొరకలేదక్కా. ఈసారి మీ పని అద్భుతం. నూనె రాసినట్టు జారిపోతోంది. ఎక్కడా చెయ్యి అందడం లేదు."

ఆవిడ బల్ల చరచలేదు. "ఇంకోసారి చూడు," అంది.

"చూశాను."

"ఇంకొక్కసారి చూడవే."

ఆ గొంతు నేను ఎప్పుడూ విననిది. తలెత్తి చూస్తే ఆవిడ ముఖం, గుమ్మంలో నిలబడి రానివాళ్ళ కోసం చూస్తున్న మనిషి ముఖంలా ఉంది. కుర్చీ జరిపి కూర్చోబెట్టాను.

"అంతా తీసేశాక కూడా, నీకెక్కడో వాడు కనపడతాడేమో అనుకున్నాను," అంది. "మా ఇంటికి వచ్చావు, ఆ పిల్ల నోటితో విన్నావు. అయినా కనపడలేదంటే బాగానే చేశానన్నమాట."

అప్పటికీ నాకు వెలగలేదు.

"నువ్వూ సంతకం పెట్టినదానివే కాబట్టి నీకు చెప్పొచ్చు. ఆ నడిపినవాడు మా తమ్ముడు."

అసలు తీర్పు తెచ్చి నా ముందు పెట్టింది. పోర్టు పేరు, రేవు పేరు, క్రేన్ నంబరు, మధ్యలో ఆవిడ తమ్ముడి పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. ప్రమాదం జరిగిన రోజుల్లో కనబడకుండా పోయిన వైర్‌లెస్ సంభాషణల రికార్డింగు, సరఫరాదారు లాయర్లు పట్టుబట్టి అడగడంతో బయటికి వచ్చింది. ఒక మనిషి పరువు కోసం ఎవరూ వెతకని రికార్డింగును, కూలిన క్రేన్ ఖరీదు కోసం వెతికారు. క్రేన్‌లో ఉన్న తమ్ముడికీ, కింది నుంచి ఆజ్ఞలిచ్చే సూపర్‌వైజర్‌కీ మధ్య జరిగిన ఆ సంభాషణను మధ్యవర్తులు తీర్పులో మాటకు మాట దించారు.

"అన్నా, గాలి మారింది. మీటరు తప్పు చూపిస్తోంది. దింపేస్తా."

"ఇదొక్కటీ ఎత్తెయ్. ఓడ ఆగదు."

"కింద మనోళ్ళున్నారన్నా."

"ఎత్తమన్నానా లేదా!"

దాని తర్వాత మధ్యవర్తుల మాటలు: గాలి వేగం చూపే మీటరు పాడైందని ముందే ఫిర్యాదు చేసినది కూడా ఇదే వ్యక్తి, పని ఆపుతానని చెప్పినా ఆపనివ్వలేదు, అతని వైపు నుంచి ఎటువంటి నిర్లక్ష్యమూ లేదు.

తుడిచిన ప్రతిలో అదే చోట నేను మూడు రోజులు చదివిన వాక్యం ఇది: "యంత్రాన్ని నడిపిన వ్యక్తి పని నిలిపివేస్తానని పైవారికి తెలియజేయగా, కొనసాగించవలసిందిగా ఆదేశం వెలువడింది."

"గాలి అన్న ఒక్క మాటైనా ఉంచాల్సింది అక్కా," అన్నాను.

"ఉంచుదామనే అనుకున్నాను. ఇంకొకరి తమ్ముడైతే ఉంచేదాన్నా?"

నేను ఆ కాగితాలు పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను. మా సంపాదకుడు మాజీ న్యాయమూర్తి. అందరం పెద్దాయన అంటాం. తలుపు తట్టడం కూడా మరిచాను. ఆయన ఆ కాగితాలు చూడగానే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆయనకు తెలుసట. మొదటి పేజీ చదివిన రోజే రబ్బరక్క వచ్చి చెప్పిందట, తనవాళ్ళ సంగతి తన బల్ల మీద ఉండకూడదు కదా అని. వేరేవాళ్ళకు ఇస్తానని ఆయన అన్నారట. "వాడి పేరు ఇంకొకరు కొట్టేస్తుంటే చూడలేను సార్, నేనే కొట్టేస్తాను," అందట.

"సార్, ఈ తగాదాలో ఆయన వాది కాదు, ప్రతివాది కాదు. ఆయన కూతుర్ని ఎవరూ పిలవలేదు, అడగలేదు. ఇద్దరు కూర్చుని మూడో మనిషి గురించి నిజం తేల్చుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. అబద్ధం మాత్రం పోర్టంతా తిరుగుతోంది. రహస్యం అనేది ఒప్పందం చేసుకున్నవాళ్ళ హక్కు. ఒప్పందంలో లేని మనిషి పరువు మీద వాళ్ళకి హక్కెక్కడిది?"

"ఇది పరీక్ష పేపరైతే నీకు నూటికి నూరు వేసేవాణ్ణి," అన్నారు పెద్దాయన. "మార్కులు వేసేది నేను కాదు. ఇరుపక్షాలూ ఒప్పుకోకుండా మనం ఒక్క అక్షరం బయట పెడితే, ఈ సముద్రం చుట్టూ ఒక్కరూ మళ్ళీ మనకి తీర్పు పంపరు. ఇంతవరకూ అచ్చయినవి కూడా, పత్రిక లేకపోతే, ఏ బీరువాలోనో చెదలు పట్టేవి."

"అయితే ఒప్పుకోమని అడగండి."

ఆయన అడిగారు. ఆ మాట చెప్పుకోవాలి. నేను తొందరపడి ఆయన్ని పిరికివాడు అనుకున్నాను, కానీ ఆ మధ్యాహ్నమే ఇరుపక్షాల లాయర్లకూ రాశారు. తీర్పంతా అక్కర్లేదు, ఆ ఒక్క పేరా, ఆ ఒక్క పేరు అచ్చువేయడానికి అనుమతి ఇవ్వమని. విదేశీ సరఫరాదారు వెంటనే సరేనన్నాడు. అతనికి పోయేదేమీ లేదు. కట్టించే సంస్థ నుంచి జవాబు చాలా రోజులు రాలేదు. ఆ రోజులన్నీ రబ్బరక్క పోస్టు వచ్చే వేళకు ఏదో పని కల్పించుకుని మెట్ల దగ్గర తచ్చాడేది. నన్ను చూస్తే, "గాలి కోసం వచ్చానులే," అనేది.

వచ్చిన జవాబు ఇది: "అనుమతి లేదు. మీరు మాకు రాసిన విషయాన్ని కూడా రహస్యంగానే పరిగణించగలరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన ముందే ఆ కాగితాన్ని ఉండచుట్టి విసిరేశాను. రబ్బరక్క వంగి తీసి, బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

"తీర్పు వెయ్యడం మానేద్దామంటే మానేద్దాం అమ్మా," అన్నారు ఆయన ఆవిడతో. "నువ్వు ఎలా అంటే అలా."

"వెయ్యండి సార్. పేరు లేకపోయినా మాటుంటుంది కదా. ఎవరో ఒకరు తప్పు చెయ్యలేదని ఉంటుంది."

సంచిక అచ్చయి వచ్చాక, అసలు తీర్పులను ముక్కలు చేయాలి. అది మా ఆఫీసు నియమం. ఇద్దరి ఎదుట జరగాలి. ఆ రోజు ఆ ఇద్దరమూ ఆవిడా, నేనూ. యంత్రం గిర్రున తిరుగుతోంది. ఆవిడ ఒక్కొక్క కాగితమే అందిస్తోంది. ఆ పేజీ వచ్చేసరికి నేను ఫోను బయటికి తీశాను.

ఆవిడ అరచెయ్యి పేజీ మీద పరిచింది. "వద్దు."

"ఒక్క ఫోటో. అమ్మడు ఒక్కతే చూస్తుంది."

"ఒక్కతే చూసి ఊరుకుంటుందా? నువ్వైతే ఊరుకుంటావా? మొదటి ఇంటావిడకి చూపిస్తుంది. పోర్టు గేటు దగ్గరికి వెళ్తుంది. వెళ్ళాలి కూడా. అప్పుడు ఈ కాయితం ఎక్కడిదంటారు. ఈ గది మూసేస్తారు. ఆ కంపెనీల బీరువాల్లో మా వాడిలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా? వాళ్ళ మాటైనా, పేరు లేకుండానైనా, బయటికి రావద్దా?"

"వాళ్ళందరి కోసం ఒక్క అమ్మడు బలి కావాలా?"

ఆవిడ చెయ్యి ఎత్తి ఆ పేజీని ఒకసారి చదువుకుంది. "కింద మనోళ్ళున్నారన్నా" దగ్గర పెదవులు కదిలాయి. తర్వాత అందించింది.

ఆ వారం ఆవిడ సంచికను సంచిలో పెట్టుకుని, నన్ను కూడా ఇంటికి రమ్మంది. "నా ఒక్కదాని వల్లా కాదు," అంది. ఎందుకని అడగలేదు.

అమ్మడు వంటింటి బల్ల దగ్గర మర్నాటి పాఠం సిద్ధం చేసుకుంటోంది. రబ్బరక్క ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టింది. "మీ యంత్రాల కేసొకటి వేశాం ఈసారి. పనికొస్తుందేమో చూడు."

"నీ పత్రిక నాకు అర్థమవుతుందా అత్తా? కామాలే గానీ ఫుల్‌స్టాపులుండవు," అంటూనే చదవడం మొదలుపెట్టింది. ఆమె వృత్తిలో ఉన్న మనిషి. కనుబొమలు ముడేసి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది.

"ఇది చాలా మంచి కేసు," అంది. "చూడండి, కొలత పరికరం పాడైందని ముందే చెప్పాడట. ఆపుతానన్నాడట. ఆపనివ్వలేదు. ఆ ద్వీపంలో న్యాయం ఉందన్నమాట. అదృష్టవంతుడు, పోయాకైనా ఆయన తప్పు లేదని చెప్పే నాథుడు దొరికాడు." వేలితో ఆ వాక్యం మీద తట్టింది. "ఆయన పేరుంటే బాగుండేది అత్తా. పేరు పెట్టి చెబితే పిల్లలకి గుర్తుంటుంది. ఏం పేరో నీకు తెలుసా?"

రబ్బరక్క నా వైపు చూడలేదు. తమ్ముడి పేరు చెప్పింది. పూర్తి పేరు, తీర్పులో ఉన్నట్టే, ఇంటి పేరుతో సహా. ఆ బల్ల దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో ఆవిడ బయటికి చెప్పిన పేరు అదొక్కటే.

అమ్మడు ముఖం తెల్లబోయింది. తర్వాత నెమ్మదిగా కోపం వచ్చింది.

"ఇలాంటి ఎగతాళి వద్దత్తా."

"ఎగతాళి కాదే. వైర్‌లెస్‌లో అన్నాడు. గాలి మారింది, దింపేస్తానన్నాడు. కింద మనోళ్ళున్నారన్నా అన్నాడు."

"మనోళ్ళు" అన్న మాట దగ్గర అమ్మడు చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. తండ్రి ఆ మాట అలాగే అనేవాడేమో. నేను ఉండబట్టలేక, "నిజం అమ్మడూ, నేనూ చదివాను," అన్నాను.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏదీ? అసలు కాగితం చూపించండి."

రబ్బరక్క సంచికను ఆమె వైపు ఇంకొంచెం జరిపింది.

"లేదు కదా," అంది. గొంతులో కోపం పోయింది; జాలి వచ్చింది, అది ఇంకా భరించరానిది. "మీరు కూడానా? అత్త మిమ్మల్ని సాయం తెచ్చుకుందా?"

"ముక్కలు చేసేశాం," అంది రబ్బరక్క. "నేనే చేశాను."

"నువ్వు చేస్తావా? మా నాన్న తప్పు లేదని రాసున్న కాగితాన్ని, నువ్వు?" అమ్మడు నిజంగానే నవ్వబోయింది. "అత్తా, చిన్నప్పుడు ఏడుస్తుంటే నువ్వు రోజుకో కథ చెప్పేదానివి. ఒకరోజు తాడు తెగిందన్నావు, ఒకరోజు పిడుగు పడిందన్నావు. అన్నీ నమ్మాను. బయటికి వెళ్ళి చెబితే అందరూ నవ్వారు. ఆయన తప్పు చేశాడని ఒప్పుకోవడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో నీకు తెలుసు. ఒప్పుకున్నాకే నిద్రపడుతోంది. ఇప్పుడు మళ్ళీ నమ్మి, రేపు ఇది కూడా కథేనని తేలితే ఎలా బతకమంటావు నన్ను?"

ఆ కథలన్నీ రబ్బరక్క చెప్పినవే. నిజం తెలియని రోజుల్లో ప్రేమతో చెప్పిన ఆ అబద్ధాల వరుసలోనే, తెలిసిన నిజం కూడా చివర్న వెళ్ళి నిలబడింది. దాన్ని వేరుచేసి చూపించగల గుర్తులన్నీ ఆవిడే ఒక్కొక్కటిగా తుడిచేసింది. న్యాయం చదువుకున్న నేను పక్కనే ఉన్నాను. సాక్ష్యం లేని సాక్షిగా ఉన్నాను.

అమ్మడు లేచి వచ్చి, అత్త చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నా కోసమే అన్నావని తెలుసు. వదిలేద్దాం." మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి సంచికను దగ్గరికి లాక్కుంది. కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో అంది: "ఇది మాత్రం రేపు తప్పకుండా చెబుతాను. ముందు ఈయన గురించి, తర్వాత మన పోర్టులో జరిగినదాని గురించి. ఆపుతానన్నవాడు ఒకడు, ఆపనివాడు ఒకడు. పక్కపక్కన పెడితే పిల్లలకి తేడా బాగా అర్థమవుతుంది."

రబ్బరక్క ఆమె వెనక నిలబడి, జడలోంచి జారిన వెంట్రుకలు సవరించింది.

"నేనూ రావచ్చా, నీ క్లాసుకి?"

"నువ్వెందుకత్తా?"

"వెనక బెంచీలో కూర్చుంటానులే. మొదటాయన గురించి చెప్పేదాకా వింటాను. రెండోది మొదలుపెట్టే ముందు లేచి వచ్చేస్తాను."